జాంగో మిడిల్‌వేర్: పర్లాకిమిడి నుంచి ఒక వాడకందారు రివ్యూ (5కి 4 స్టార్లు)

సాఫ్ట్‌వేర్‌లో ఒక ముక్కకి రివ్యూ ఏమిటని మా ఆయన నవ్వాడు. మిక్సీ కొంటే రాస్తాం, హోటల్లో పెసరట్టు మాడితే రాస్తాం. నాలుగేళ్లుగా నాకు అన్నం పెడుతున్నదాని గురించి రాస్తే తప్పేమిటి?

మాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా. మహేంద్రతనయ ఏరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. 1936లో ఒడిశా వేరు పడ్డప్పుడు ఊరు ఇటొచ్చింది, ఇళ్లలో తెలుగు మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోయింది. విశాఖపట్నంలో ఆరేళ్లు ఉద్యోగం చేశాను. అత్తగారికి ఒంట్లో బాగోలేక వెనక్కి వచ్చేశాక, ఇంట్లో కూర్చునే జాంగోలో (పైథాన్‌తో వెబ్ అప్లికేషన్లు రాసుకునే సరంజామా) ఒక వెబ్ అప్లికేషన్ రాసి నడుపుతున్నాను. హోల్‌సేల్ కొట్టుకి చిల్లర కొట్టువాళ్లు ఫోన్లోంచే ఆర్డరు పెట్టుకుంటారు. సరుకు కడతారు, బిల్లు వస్తుంది, నెలాఖరుకి ఖాతా తేలుతుంది. అంతే దాని పని. ప్రస్తుతం 23 కొట్లున్నాయి. ఎక్కువ మా ఊళ్లోనే. పాతపట్నంలో నాలుగు, కాశీనగర్‌లో రెండు, గుణుపురంలో ఒకటి. కిరాణా, జీడిపప్పు, ఒక కొమ్ము బొమ్మల కొట్టు. అన్నిటికీ ఒకటే ప్రోగ్రాము, ఒకటే సర్వరు. కొట్టు కొట్టుకీ వెబ్ చిరునామాలో ముందు మాట మాత్రం వేరు.

ఈ ఒక్క సంగతి కోసమే మిడిల్‌వేర్ జోలికి వెళ్లాను. మిడిల్‌వేర్ అంటే, వచ్చే పోయే ప్రతిదాన్నీ దారిలో చూసే చిన్న ప్రోగ్రాము ముక్క. ఎవరైనా పేజీ అడిగితే (అడగడం రిక్వెస్టు, మనం తిరిగి పంపేది రెస్పాన్సు) ముందు తేల్చాల్సింది, అడిగింది ఏ కొట్టు తరఫున అని. మొదట్లో అది తేల్చే నాలుగు లైన్లూ ప్రతి వ్యూలోనూ (ఒక్కో పేజీని తయారుచేసే ముక్క) రాసుకున్నాను. వ్యూలు పది ఉన్నన్నాళ్లూ బాగానే నడిచింది. నలభై అయ్యేసరికి రెండు చోట్ల రాయడం మర్చిపోయాను. ఎక్కడ మర్చిపోయానో కనిపెట్టడానికి ఒక ఆదివారం పోయింది. మిడిల్‌వేర్‌లో అయితే ఒక్కసారే రాస్తాం. వచ్చిన ప్రతి రిక్వెస్టూ అందులోంచే వెళ్తుంది. కొట్టు ఏదో కనుక్కుని ఆ రిక్వెస్టుకే ఒక చీటీలా తగిలించేస్తాం. లోపల వ్యూ ఆ చీటీ చూసుకుంటుంది.

జాంగో వాళ్లు తమ పత్రాల్లో దీన్ని ఉల్లిపాయతో పోల్చారు, పొర మీద పొర అని. నాకు మాత్రం మా తాతగారి ఇల్లు గుర్తొస్తుంది. మన వైపు పాత వీధి ఇళ్లు తెలుసుగా, ముందు వీధరుగు, తర్వాత వీధి గది, నడవ, నట్టిల్లు, వంటిల్లు, పెరడు, అన్నీ ఒకే వరసలో రైలు పెట్టెల్లా ఉంటాయి. లోపలికి పోయేటప్పుడు ఏ గుమ్మాలు దాటామో, బయటికొచ్చేటప్పుడు అవే గుమ్మాలు వెనక నుంచి ముందుకి దాటాలి. మిడిల్‌వేర్ అచ్చంగా అంతే. సెట్టింగ్స్ ఫైల్లో ఒక జాబితా ఉంటుంది. రిక్వెస్టు పై నుంచి కిందికి దిగుతుంది, వ్యూ దగ్గర పని చూసుకుంటుంది, రెస్పాన్సు కింది నుంచి పైకి ఎక్కుతుంది. నడవలోనే ఎవరో ఆపి "ఇంట్లో లేరు" అనేస్తే, వచ్చినవాడు నట్టింటి దాకా రాకుండానే వెనక్కి తిరుగుతాడు. మిడిల్‌వేర్ తనే రెస్పాన్సు ఇచ్చేస్తే అదే జరుగుతుంది, లోపలి పొరలకీ వ్యూకీ అసలు కబురే అందదు.

కొత్త ప్రాజెక్టు మొదలుపెడితే జాంగో ఏడు మిడిల్‌వేర్లు పేర్చి ఇస్తుంది: సెక్యూరిటీ, సెషన్ (వచ్చినవాణ్ణి పేజీ పేజీకీ గుర్తుపెట్టుకునేది), కామన్, సీఎస్‌ఆర్‌ఎఫ్ (వేరే సైటు మనవాళ్ల పేరు మీద దొంగగా ఫారం పంపకుండా ఆపేది), అథెంటికేషన్, మెసేజెస్, చివర ఎక్స్‌ఫ్రేమ్. ఆ వరస ఊరికే పెట్టింది కాదు. లాగిన్ అయింది ఎవరో అథెంటికేషన్ చెప్పాలంటే సెషన్ ముందే తెరిచి ఉండాలి. ఒకసారి ఆ రెండూ తారుమారు చేసి చూశాను. సెషన్ మిడిల్‌వేర్ నాకంటే ముందు ఉండాలి అని మొహం మీదే చెప్పి ఆగిపోయింది. ఇలా చెప్పి ఆగేవాటంటే నాకు గౌరవం. ఆగకుండా తప్పుగా నడిచేవే మనల్ని తినేస్తాయి.

ఆ తప్పుగా నడిచిన కథ చెప్తాను. సగం రివ్యూ అదే.

రెండేళ్ల కిందట, దసరా ముందు. సంత రోజు పొద్దున్న తొమ్మిదిన్నరకి మా పెద్ద ఖాతాదారు షావుకారు గారి ఫోను.

"ఏటమ్మా, నా బిల్లు నెత్తి మీద ఆడి పేరేటి?"

"ఎవరి పేరు బాబాయ్ గారూ?"

"ఆ ఎదర కొట్టోడిది. నా కొట్టు ఆడికి ఎప్పుడమ్మీసేనమ్మా నేను?"

నాకు నవ్వు రాలేదు. పరుగున వెళ్లాను, రెండు వీధుల అవతలే. మూడంగుళాల థర్మల్ కాగితం చేతికిచ్చాడు. పార్టీ పేరు సరిగ్గా ఉంది. కందిపప్పు, బెల్లం, నూనె డబ్బాలు, అంకెలన్నీ ఆయనవే. మొత్తం పైసాతో సహా సరే. పైన, లావు అక్షరాల్లో మాత్రం ఎదురు కొట్టు పేరు. ఆ ఇద్దరికీ పదేళ్లుగా మాటల్లేవు. ఇంకెవరి పేరు పడ్డా ఆయన టీ ఇచ్చి పంపేవాడేమో.

ఇంటికొచ్చి అదే పేజీ ఇరవై సార్లు తెరిచాను. ఇరవై సార్లూ పేరు సరిగ్గానే వచ్చింది. మధ్యాహ్నానికి కాశీనగర్ నుంచి ఇంకో ఫోను, అక్కడా అదే గొడవ. రెండు బిల్లులూ పక్కపక్కన పెట్టుకుని చూశాక ఒకటి తట్టింది. రెండూ నెల ఖాతా పేజీలే. మామూలు ఆర్డరు బిల్లు ఒక్కటీ తప్పలేదు. నెల ఖాతా మా దాంట్లో నెమ్మదైన పేజీ. వ్యూ అప్పటికప్పుడు నెలంతా కూడి లెక్క తేలుస్తుంది, మూడు సెకన్లు పడుతుంది. ఆ మూడు సెకన్లలో ఏదో దూరుతోంది.

మిడిల్‌వేర్ తెరిచి చదువుకున్నాను. రాసింది నేనే. కొట్టు ఏదో కనుక్కున్నాక రిక్వెస్టుకి తగిలించాను, అది బాగుంది. కానీ పక్క లైన్లో, తర్వాత పనికొస్తుందని, సెల్ఫ్ మీద, అంటే ఆ మిడిల్‌వేర్ వస్తువు మీదే, కూడా పెట్టాను. పేజీకి పైన పడే పేరు కోసం ప్రాసెస్ టెంప్లేట్ రెస్పాన్స్ అనే హుక్ (తన పని మధ్యలో జాంగో పిలిచే మన మెథడ్) ఒకటి రాసుకున్నాను, అది సెల్ఫ్ మీది పేరు తీసుకుంటోంది.

మిడిల్‌వేర్ కొత్తగా రాసేవాళ్లు ఇక్కడ కొంచెం ఆగండి. క్లాసు రూపంలో రాసిన మిడిల్‌వేర్‌లో ఇనిట్ అనేది సర్వరు లేచేటప్పుడు ఒక్కసారే నడుస్తుంది. ఆ తర్వాత వచ్చే ప్రతి రిక్వెస్టుకీ కాల్ అనే మెథడ్ నడుస్తుంది. అంటే ఆ ప్రాసెస్‌లో మిడిల్‌వేర్ వస్తువు ఒక్కటే ఉంటుంది, రిక్వెస్టుకొకటి పుట్టదు. సెల్ఫ్ మీద రాయడమంటే కొట్టు గోడ మీద సుద్దతో రాయడమే. తర్వాత వచ్చినవాడు చెరిపి తన పేరు రాసుకుంటాడు. షావుకారు గారి ఖాతా మూడు సెకన్లు లోపల కూడుతుండగా, ఎదురు కొట్టువాడి రిక్వెస్టు ఒకటి వచ్చి గోడ మీద తన పేరు రాసిపోయింది. ఈయన లెక్క తేలాక హుక్ గోడ వైపు చూసింది. ఏ పేరు కనిపిస్తే అది ఎక్కించింది.

మరి అంతకు ముందు ఏడాదిన్నర ఎందుకు తప్పలేదు? గునికార్న్‌ని (జాంగోని నడిపే సర్వరు ప్రోగ్రాము) నేను మామూలు సింక్ వర్కర్లతో నడిపేదాన్ని, రెండు వర్కర్లు. ఒక్కో వర్కరు ఒక్కసారికి ఒక్క రిక్వెస్టే చూస్తుంది, అది తేలేదాకా రెండోదాన్ని ముట్టుకోదు. గోడ మీద రాసింది చెరిపేవాడే లేడు. దసరా రద్దీకి తట్టుకోవాలని అంతకు నాలుగు రోజుల ముందు థ్రెడ్లు (ఒకే వర్కరులో పక్కపక్కనే నడిచే పనులు) నాలుగని పెట్టాను. థ్రెడ్లు ఒకటి దాటితే గునికార్న్ తనంతట తనే థ్రెడ్ల రకం వర్కరుకి మారిపోతుంది. ఏడాదిన్నరగా నిద్రపోతున్న తప్పుని లేపింది నేనే. ఇంట్లో ఎన్నిసార్లు తెరిచినా ఎందుకు దొరకలేదో కూడా అప్పుడే తెలిసింది. నేనొక్కదాన్నే, ఒక్కోసారి ఒక్కటే నొక్కుతున్నాను. తప్పు పట్టుబడాలంటే ఎదురు కొట్టువాడు కూడా అదే క్షణంలో నొక్కాలి.

ఖాయం చేసుకోడానికి ఖాతా వ్యూలో కావాలని పది సెకన్ల నిద్ర పెట్టి, రెండు ఫోన్లలో రెండు కొట్లు తెరిచాను. ఒక దాంట్లో ఖాతా నొక్కి, అది తిరుగుతుండగా రెండోదాంట్లో ఆర్డర్ల పేజీ నొక్కాను. మొదటి సారికే పట్టుబడింది. మార్పు ఒక్క మాట. సెల్ఫ్ అన్నచోట రిక్వెస్ట్ అని రాశాను. అసలు చెప్పాలంటే, ప్రతి పేజీకీ ఒక పేరు అందించడం మిడిల్‌వేర్ పనే కాదు, దానికి జాంగోలో కాంటెక్స్ట్ ప్రాసెసర్ అని వేరే ఏర్పాటుంది. తర్వాత అక్కడికే మార్చేశాను.

దీనికి ఒక స్టారు కోస్తున్నాను. మీరు తప్పు చేసి దాన్నెందుకు కోస్తారంటారా? ఇనిట్ ఒక్కసారే నడుస్తుందని పత్రాల్లో రాసి ఉంది, నిజమే. సెల్ఫ్ మీద రిక్వెస్టు సంగతులు పెట్టొద్దని అక్కడే లావు అక్షరాల్లో ఒక హెచ్చరిక ఉంటే నాలాంటివాళ్లకి ఒక పండగ పాడవకుండా ఉండేది. మందు సీసా మీద "బాగా కలిపి వాడండి" అని రాస్తారు కదా, అంతపాటిది.

ఆ హుక్ గురించి ఇంకొక మాట. ప్రాసెస్ టెంప్లేట్ రెస్పాన్స్ ప్రతి పేజీకీ నడవదు. వ్యూ ఇచ్చిన రెస్పాన్సుకి రెండర్ అనే మెథడ్ ఉంటేనే నడుస్తుంది. క్లాసు వ్యూలు ఇచ్చేవి అలాంటివే. ఫంక్షన్ వ్యూలో మనం రోజూ వాడే రెండర్ షార్ట్‌కట్ అప్పటికే వండి వడ్డించిన రెస్పాన్సు ఇస్తుంది, దాంట్లో ఇక ఉప్పు కలపలేం. నా పేజీల్లో సగానికి కొట్టు పేరు వచ్చి సగానికి ఎందుకు రావడం లేదో మొదటి వారమంతా అర్థం కాలేదు. రెండు పేర్లూ ఒకేలా ఉండటం ఎవరి తెలివో.

తప్పుల కబురు గురించి కూడా ఒకటి. వ్యూలో ఏదైనా విరిగిపడితే నా ఫోనుకి మెసేజ్ రావాలని మిడిల్‌వేర్ రాశాను. లోపలి పొరని పిలిచే లైను చుట్టూ ట్రై, ఎక్సెప్ట్ (విరిగినదాన్ని పట్టుకునే కట్టు) కట్టాను. వారం రోజులు ఒక్క మెసేజీ రాలేదు. నా ప్రోగ్రాములో తప్పుల్లేవని మురిసిపోయాను కూడా. తీరా ఎనిమిదో రోజు గుణుపురం నుంచి, ఐదు వందల నంబరు తప్పు (సర్వరులో ఏదో విరిగిందని) మూడు రోజులుగా కనిపిస్తోందని చెప్పారు. విషయం ఏమిటంటే, జాంగో ప్రతి పొర మధ్యలోనూ ఒక వల కడుతుంది. లోపల విరిగిన ముక్క ఆ వలలోనే పడి మామూలు రెస్పాన్సుగా మారి పైకొస్తుంది. బయట పొరలో మనం చేతులు చాపి కూర్చున్నా మన చేతిలో పడేది ఏమీ ఉండదు. దానికి ప్రాసెస్ ఎక్సెప్షన్ అనే హుక్కే దారి. ఈ పద్ధతి నాకు నచ్చింది. ఒక పొర విరిగినా మిగతా పొరలు తమ పని చేసుకుని వెళ్తాయి. కాకపోతే తెలిసినవాళ్లకే నచ్చుతుంది.

భాష సంగతికొస్తాను, మా సరిహద్దు వాళ్లకి ఇది ముఖ్యం. ఇక్కడ షావుకారు తెలుగు, గుమస్తా ఒడియా, కొనేవాడు రెండూ మాట్లాడతాడు, కొండ మీంచి దిగినవాళ్లు సవర. జాంగోలో లొకేల్ మిడిల్‌వేర్ అని రెడీగా ఉంటుంది. జాబితాలో దాని చోటు సెషన్ తర్వాత, కామన్ ముందు. చిరునామాలో భాష రాసి ఉంటే ముందు అది చూస్తుంది, లేకపోతే కుకీ (బ్రౌజరులో దాచిన చీటీ), అదీ లేకపోతే బ్రౌజరు ఏ భాష కావాలంటోందో అది. అందరికీ బాగుంటుంది, మాకు తప్ప. మా వాళ్ల ఫోన్లన్నీ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. కొన్ననాటి నుంచీ ఆ సెట్టింగు ఎవరూ ముట్టుకోలేదు. బ్రౌజరు నిజాయితీగా ఇంగ్లిష్ అంటుంది, లొకేల్ నిజాయితీగా ఇంగ్లిష్ ఇస్తుంది, తెలుగు తప్ప ఇంకోటి చదవని మనిషి నాకు ఫోను చేస్తాడు.

అందుకని లొకేల్ కింద, కొట్టు తేల్చే మిడిల్‌వేర్ కూడా దాటాక, నా సొంతది చిన్నది ఒకటి పెట్టాను. వాడేవాడు భాష ఎంచుకుని కుకీ ఉంటే సరే, లేకపోతే కొట్టు భాషే. మొదట దాన్ని ఓవర్‌రైడ్ అనే పద్ధతిలో రాశాను. లోపలున్నంతసేపూ తెలుగు, బయటికి రాగానే పాత భాష తిరిగొచ్చేస్తుంది. శుభ్రంగా ఉంటుందనుకున్నాను. కానీ రెస్పాన్సు పైకెక్కేటప్పుడు లొకేల్ గుమ్మం మళ్లీ దాటాలి కదా. ఈ పేజీ ఏ భాషో హెడరులో రాసేది అక్కడే. అప్పటికి నా ఓవర్‌రైడ్ ముగిసిపోయి భాష ఇంగ్లిష్‌కి తిరిగిపోయి ఉంది. పేజీ నిండా తెలుగు, నెత్తి మీద చీటీ ఇంగ్లిష్ అని. తిరుగు దారి మర్చిపోతే ఇలాంటివే జరుగుతాయి. ఓవర్‌రైడ్ తీసేసి, భాషని వెనక్కి మార్చని యాక్టివేట్ పెట్టాక సర్దుకుంది.

ఒడియా ఇంకో తలనొప్పి. నేను వాడిన 4.2 వెర్షన్లో జాంగోకి తెలిసిన భాషల్లో తెలుగు ఉంది, మరాఠీ ఉంది, హిందీ, బెంగాలీ ఉన్నాయి, ఒడియా లేదు. సెట్టింగుల్లో మనం చేర్చుకున్నా, భాష వివరాలు అడిగినప్పుడు ఈ కోడు నాకు తెలియదంటుంది. దాని లోపలి భాషల పట్టికలో ఒడియా పేరూ రాసే దిక్కూ మన చేత్తో ఎక్కించాలి. ఎక్కించాను. అనువాదాలు మా ఎదురింటి ఒడియా టీచరమ్మ చేసిపెట్టింది, కిలో జీడిపప్పుకి. తెలుగు మాటలు నావే. ఇది గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు. ఇక్కడ కూర్చుని "మీ అభ్యర్థన తిరస్కరించబడినది" అని రాయడానికి చెయ్యాడలేదు. "మీరు పంపింది అందలేదు, పేజీ మళ్లీ తెరిచి పంపండి" అని రాశాను. సీఎస్‌ఆర్‌ఎఫ్ మిడిల్‌వేర్ ఆపినప్పుడు వచ్చే పేజీ అది. మనకి నచ్చినట్టు మార్చుకోనిస్తారు, ఆ మేరకు మెచ్చుకోవాలి.

సీఎస్‌ఆర్‌ఎఫ్ అంటే గుర్తొచ్చింది. 3.2 నుంచి 4.2కి మారిన రోజు ఒక్క ఆర్డరూ పడలేదు, అన్నీ నాలుగు వందల మూడే (రానివ్వం అనే జవాబు). 4.0 నుంచి అది బ్రౌజరు పంపే ఆరిజిన్ హెడరు (ఏ చిరునామా నుంచి వచ్చిందో చెప్పే చీటీ) కూడా చూస్తుంది. నా సర్వరు ముందు ఇంజిన్‌ఎక్స్ అనే ప్రాక్సీ (ముందు కూర్చుని అందుకునే సర్వరు) కూర్చుని తాళం (హెచ్‌టీటీపీఎస్) విప్పి లోపలికి మామూలు దారిలో పంపుతుంది. బ్రౌజరేమో తాళమున్న దారిలో వచ్చానంటుంది, జాంగోకి తాళమే కనబడదు, ఇద్దరి మాటా కలవదు. బయట దారి తాళమున్నదేనని సెట్టింగుల్లో ఒక లైను రాసి, ఇంజిన్‌ఎక్స్‌లో ఆ హెడరు పంపితే తీరింది. నమ్మే చిరునామాల జాబితా పెట్టుకున్నవాళ్లు దాంట్లో ముందు హెచ్‌టీటీపీఎస్ అని కూడా రాయాలి, ఇదీ 4.0 నుంచే. పాత వ్యాసాలు చూసి రాస్తే పోతారు.

ఇప్పుడు దీంతో చెయ్యకూడని పని. ఊపు మీద ఉన్నప్పుడు పన్నుకి కూడా ఒక మిడిల్‌వేర్ రాశాను. కొట్టు ఒడిశాదైతే జీఎస్టీ కోడు 21, ఆంధ్రాదైతే 37. కొట్టు ఎలాగూ తెలుసు, కొనేవాడి ఖాతా ఎలాగూ తెలుసు, రెండూ చూసి రాష్ట్రం లోపలి సీజీఎస్టీ ఎస్జీఎస్టీనా, రాష్ట్రం దాటిన ఐజీఎస్టీనా గుమ్మంలోనే తేల్చేస్తే పోలేదా అనుకున్నాను. లెక్కలు రాసే బావగారు రెండో రోజే పట్టుకున్నాడు.

"ఏమ్మా, పాతపట్నం పార్టీ ఇక్కడికొచ్చి కౌంటర్లో సరుకు పట్టుకుపోతే ఒకటి, మన బండి మీద ఏరు దాటించి అక్కడ దింపితే ఇంకోటి. నీ మిషనుకి ఆ తేడా ఎలా తెలుస్తుంది?"

తెలీదు. గుమ్మం దగ్గర కూర్చున్నవాడికి వచ్చినదెవరో తెలుస్తుంది, ఏ భాష మాట్లాడతాడో తెలుస్తుంది. లోపల ఏ బస్తా ఏ బండెక్కిందో తెలీదు. ఆ మిడిల్‌వేర్ తీసేసి పన్ను లెక్కని ఆర్డరు దగ్గరికే పంపాను. అప్పటి నుంచి ఏదైనా మిడిల్‌వేర్‌లో పెట్టాలనిపిస్తే బావగారి ప్రశ్న వేసుకుంటున్నాను. నాలుగిట్లో మూడు సార్లు పెట్టడం మానేస్తాను.

ఐపీ అడ్రసు చూసి రాష్ట్రం కనుక్కుందామన్న ఆలోచన కూడా వచ్చింది, ఎక్కువ సేపు నిలవలేదు. మా మేడ మీద నిలబడితే ఫోను పాతపట్నం టవరు పట్టుకుంటుంది. అదీకాక ముందు ప్రాక్సీ ఉంటే జాంగోకి కనపడేది ప్రాక్సీ అడ్రసే. ఫార్వర్డెడ్ ఫర్ హెడరు చూసి అసలు అడ్రసు పెట్టే మిడిల్‌వేర్ ఒకప్పుడు జాంగోలోనే ఉండేది, ఆ హెడరు ఎవరైనా దొంగగా రాసి పంపొచ్చని 1.1లోనే తీసేశారు.

వేగం గురించి ఎక్కువ చెప్పను. మిడిల్‌వేర్ ఖర్చు ప్రతి రిక్వెస్టుకీ పడుతుంది, అది గుర్తుంటే చాలు. ప్రతిసారీ కొట్టు పేరు డేటాబేసుని అడగడం ఎందుకని క్యాషులో (మళ్లీ అడగకుండా కాసేపు దాచే చోటు) పెట్టాను. చెప్పకపోతే క్యాషు 300 సెకన్లు దాచుతుంది. మెమరీలో దాచే రకం అయితే వర్కరుకొక అలమరా. ఒక కొట్టాయన పేరు పక్కన "అండ్ సన్స్" చేర్పించుకున్నాడు. ఒకసారి తెరిస్తే సన్స్ ఉన్నారు, ఇంకోసారి తెరిస్తే లేరు. ఐదు నిమిషాలు ఆగమన్నాను. అసింక్ (ఒక పని జవాబు కోసం ఆగకుండా ఇంకోటి చూసే పద్ధతి) వాడేవాళ్లకి 3.1 నుంచి మిడిల్‌వేర్ కూడా అసింక్‌గా రాసుకునే వీలుంది. మధ్యలో పాత రకం ఒకటున్నా జాంగో సర్దుకుని నడిపిస్తుంది, కొంచెం వేగం పోతుంది. నాకు ఆ అవసరం పడలేదు.

టెస్టులు రాసేవాళ్లకి ఒక మాట: రిక్వెస్ట్ ఫ్యాక్టరీతో చేసిన టెస్టులో మిడిల్‌వేర్లు నడవవు, టెస్ట్ క్లయింట్‌తో చేస్తేనే నడుస్తాయి. నా టెస్టుల్లో రిక్వెస్టు మీద "షాప్" (ఆ కొట్టు చీటీ) లేదని ఎర్రగా వచ్చినప్పుడు మధ్యాహ్నం భోజనం మానేసి వెతికాను.

వేరే ఫ్రేమ్‌వర్కులతో పోలిస్తే? విశాఖలో ఎక్స్‌ప్రెస్ వాడాను. అక్కడ మనం ఏ వరసలో రాస్తే ఆ వరసలో నడుస్తుంది, నెక్స్ట్ అని పిలవడం మర్చిపోతే రిక్వెస్టు అక్కడే వేలాడుతుంది, బ్రౌజరు తిరుగుతూనే ఉంటుంది. ఫాస్ట్ ఏపీఐలో చివర చేర్చింది అందరికంటే బయట గుమ్మం అవుతుంది, ఫైలు పై నుంచి చదివేవాడికి తల తిరుగుతుంది. జాంగోలో మొత్తం వరస ఒకే జాబితాలో, ఒకే చోట, కంటికి కనిపిస్తుంది. నా నాలుగు స్టార్లలో రెండు ఆ జాబితాకే.

ఇంకొకటి దేనికంటే, 5.1లో వచ్చిన లాగిన్ రిక్వైర్డ్ మిడిల్‌వేర్‌కి. ఇంతకు ముందు ప్రతి వ్యూ నెత్తి మీదా లాగిన్ కావాలని రాసేవాళ్లం. ధరల పట్టిక పేజీకి రాయడం నేను మర్చిపోయాను. హోల్‌సేల్ ధర ఊరంతా చూసేలా మూడు నెలలు తెరిచి ఉంది. ఎవరూ చూడలేదనే అనుకుంటున్నాను, షావుకారు గారికైతే ఇప్పటికీ చెప్పలేదు. ఇప్పుడు తిరగేశారు. అన్నిటికీ తాళమే, అక్కర్లేనిదానికి అక్కర్లేదని మనం రాయాలి. మర్చిపోతే తలుపు మూసుకుని ఉంటుంది, అంతేగా. టెస్టు సర్వరులో 5.2 పెట్టి నెల రోజులుగా చూస్తున్నాను, బాగా నడుస్తోంది. అసలు సర్వరుకి మాత్రం దీపావళి వెళ్లాకే. అందాకా సెట్టింగ్స్ ఫైలు ముట్టుకోనని షావుకారు గారికి మాటిచ్చాను. దసరాకి ముందే ఫోను చేసి మరీ మాట తీసుకున్నాడు.